అసెంబ్లర్‌ని అసెంబ్లీలోనే తిరగరాస్తే ఎంత వేగం వస్తుంది?

బిల్డ్_బాధితుడు
మా దగ్గర సొంతంగా తయారుచేసుకున్న 16 బిట్ల చిప్ ఒకటి ఉంది. దానికి అసెంబ్లర్ (అసెంబ్లీ భాషలో రాసినదాన్ని చిప్ నడిపే కోడ్‌గా మార్చే టూల్) మూడేళ్ల కిందట నేనే రాశా, పైథాన్‌లో. అప్పుడు సోర్సు రెండు వేల లైన్లు. ఎంటర్ నొక్కి తలెత్తేలోపు పనైపోయేది. ఇప్పుడు మాక్రోలన్నీ విప్పితే 40 వేల లైన్లు. ఒక్కసారి అసెంబుల్ కావడానికి 52 సెకన్లు. కామెంట్‌లో ఒక్క అక్షరం మార్చినా అదే 52 సెకన్లు.

ఫాస్మ్ అనే అసెంబ్లర్‌ని చూస్తే కడుపు మండుతోంది. తన సోర్సును తానే రెప్పపాటులో అసెంబుల్ చేసుకుంటుంది. అది మొత్తం అసెంబ్లీలో రాసిందే కదా. అందుకే నేనూ నాదాన్ని ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్ల) అసెంబ్లీలో మొదట్నుంచీ రాద్దామనుకుంటున్నా. మూడు నెలలు పట్టొచ్చు. మా టీమ్ లీడ్ మాత్రం "సీలో రాస్తే చాలు, పిచ్చి పనులొద్దు" అంటున్నాడు. ఇలాంటి టూల్స్‌లో సీకీ అసెంబ్లీకీ తేడా ఎంత ఉంటుంది? చేతులు కాల్చుకున్నవాళ్లు చెప్పండి. పుస్తకాల మాటలు నేనూ చదివా.

రిజిస్టర్_రాజు
చేసెయ్ తమ్ముడూ. మూడు నెలలు పోతే పోయాయి, జీవితాంతం చెప్పుకోవచ్చు. ఫాస్మ్ విండోస్ ఫైలు నూరు కేబీ అటూఇటూ ఉంటుంది, అంతే. ఇన్‌స్టాల్ లేదు, లైబ్రరీలు లేవు. తనను తానే కడుతుంది కాబట్టి వేరే కంపైలర్ మీద ఆధారపడే పనీ లేదు. టొమాష్ గ్రిష్టార్ ఒక్కడు మొదలుపెట్టి ఇన్నేళ్లు నడిపాడు. ఒక్క మనిషికి సాధ్యమైన పనేనని అక్కడే తేలిపోయింది.

సీ_మాస్టారు
ఆగండాగండి. ముందు ఒక భాగహారం చేద్దాం. 52 సెకన్లు, 40 వేల లైన్లు. లైనుకు 1.3 మిల్లీసెకన్లు. మీది 3 గిగాహెర్ట్జ్ మెషీన్ అనుకుంటే, ఒక్కో లైనుకు దాదాపు 40 లక్షల సైకిళ్లు!

"రెండు రిజిస్టర్లు కూడు" అనే లైను అర్థం చేసుకోవడానికి 40 లక్షల సైకిళ్లా? పైథాన్ నెమ్మదే, కాదనను. ఇలాంటి పనిలో సీ కంటే యాభై రెట్లు నెమ్మది అనుకుందాం, నూరు రెట్లే అనుకుందాం. అయినా ఈ లెక్క కుదరదు. లోపల ఏదో ఒకే పని వేలసార్లు జరుగుతోంది. దాన్ని అసెంబ్లీలోకి మారిస్తే అదే తప్పు పని ఇంకొంచెం చురుగ్గా జరుగుతుంది, అంతకు మించి ఏమీ ఉండదు.

నైట్_షిఫ్ట్_నాని
మాస్టారి మాటే నాదీ. సీప్రొఫైల్ (ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోతోందో చూపే పైథాన్ టూల్) పెట్టి ఒకసారి నడిపి, పై పది లైన్లు ఇక్కడ పెట్టు. అంతవరకూ అందరం గుడ్డివాళ్లు ఏనుగును తడిమినట్టే.

రిజిస్టర్_రాజు
@సీ_మాస్టారు లెక్క బాగుంది గానీ, పైథాన్‌లో చేయడం సులువు కాబట్టే ఆ వేలసార్లు చేసే అలవాటు వచ్చింది. ఒక లిస్టులో ఉందో లేదో చూడాలంటే అక్కడ రెండక్షరాలు రాస్తే చాలు. అసెంబ్లీలో అదే పనికి లూప్ రాయాలి, పాయింటర్ జరపాలి, పోల్చాలి. రాస్తున్నప్పుడే చేయి నొప్పెట్టి "ఇంత అవసరమా" అనిపిస్తుంది. అసెంబ్లీ మనిషిని పిసినారిని చేస్తుంది. ఆ పిసినారితనమే వేగం.

సీ_మాస్టారు
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. కాకపోతే నాకు తెలిసిన అసెంబ్లీ ప్రోగ్రాముల్లో సగం, హ్యాష్ టేబుల్ (పేరు ఇస్తే నేరుగా దాని చోటు చూపే పట్టిక) రాయడానికి బద్ధకించి వరుసగా వెతికినవే. పిసినారితనం అటు కూడా పనిచేస్తుంది.

పాత_డాస్_ప్రాణి
నా కాలం కబుర్లు వచ్చాయి కాబట్టి నేనూ దూరుతున్నా. టర్బో పాస్కల్ 1983లో వచ్చింది. రాసింది ఆండర్స్ హేల్స్‌బర్గ్, అసెంబ్లీలో. డాస్‌లో మూడో వెర్షన్ ఫైలు 39,731 బైట్లు. ఎడిటర్, కంపైలర్, రన్‌టైమ్ అన్నీ అందులోనే. ఇవాళ ఒక ఐకాన్ బొమ్మ అంతకంటే పెద్దది.

అది ఎందుకంత వేగంగా ఉండేదో విను @బిల్డ్_బాధితుడు. అసెంబ్లీ ఒక్కటే కారణం కాదు. అప్పట్లో మిగతా కంపైలర్లతో పని అంటే, ఫ్లాపీ నుంచి ఎడిటర్ ఎక్కించు, ఫైలు సేవ్ చెయ్, బయటికి రా, మొదటి పాస్ (సోర్సు మీద ఒక చుట్టు) ఎక్కించు, అది మధ్యంతర ఫైలు రాస్తుంది, రెండో పాస్ ఎక్కించు, ఆఖర్న ముక్కలన్నిటినీ ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్. ఫ్లాపీ గరగరలు వింటూ కూర్చోవడమే. టర్బోలో సోర్సు మెమరీలోనే ఉంది, కంపైలర్ కూడా అక్కడే ఉంది. పైనుంచి కిందికి ఒకే ఒక్క పాస్, కోడ్ నేరుగా మెమరీలోకి. లింకర్ అసలే లేదు. వాడే ముందు ప్రకటించాలన్న పాస్కల్ నియమం ఉంది కాబట్టి ఒక్క పాస్ సరిపోయింది. అసెంబ్లీ చేసిన మేలల్లా ఇదంతా ఆ కాలపు 64 కేబీలో పట్టేలా చూడటం.

కుర్ర_కంపైలర్
39,731 బైట్లా!! మా ప్రాజెక్టులో ఒక్క లాగ్ మెసేజ్ ఫైలే దానికి నాలుగింతలుంది 😭

క్యాష్_మిస్
నా గోడు కూడా రాసుకోండి. ఒక లెక్సర్ (సోర్సును మాటలుగా ముక్కలు చేసే భాగం) లోపలి లూప్‌ని మూడు వారాలు కూర్చుని చేత్తో అసెంబ్లీలో రాశా. ఐడెంటిఫయర్, అంటే కోడ్‌లో పెట్టుకున్న పేరు, ఎక్కడ అయిపోయిందో వెతికే లూప్ అది. చూడముచ్చటగా వచ్చింది. కొలిస్తే సీ వెర్షన్ కంటే 4 శాతం నెమ్మది.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీలో ఉన్నప్పుడు కంపైలర్ ఆ ఫంక్షన్‌ని పిలిచిన చోటే పరిచేసేది. రెండు మూడు అక్షరాల పేర్లే ఎక్కువ కాబట్టి లూప్ రెండు చుట్లలో అయిపోయేది. నేను వేరే ఫైల్లో పెట్టాక ప్రతి పేరుకూ ఒక కాల్, ఒక రిటర్న్, మధ్యలో రిజిస్టర్లు దాచి మళ్లీ తీయడం. లూప్‌లో మిగిల్చిందంతా దాని గుమ్మంలోనే ఖర్చయింది.

ఇంకోటి. ప్రాసెసర్ లోపలే ఉండే ఎల్1 క్యాష్‌లో ఉన్నది తెచ్చుకోవడానికి నాలుగైదు సైకిళ్లు, ర్యామ్ దాకా వెళ్తే 200 పైనే. సింబల్స్ (కోడ్‌లోని పేర్లు) అన్నీ మెమరీలో తలో దిక్కున చెల్లాచెదురుగా ఉంటే, మీరు ఏ భాషలో రాసినా ప్రాసెసర్ నిలబడి ఎదురుచూస్తుంది. ఎదురుచూడటంలో అసెంబ్లీ వేగంగా ఎదురుచూడదు.

రిజిస్టర్_రాజు
హ్హహ్హ, చివరి వాక్యం దాచుకుంటున్నా. అయినా నా పార్టీ మారను.

లింకర్_లక్ష్మి
లింకర్ల సంగతి చెప్తా, ఇదే గొడవ అక్కడా ఉంది. గ్నూ పాత లింకర్ నెమ్మదని గోల్డ్ వచ్చింది, తర్వాత ఎల్‌ఎల్‌డీ, తర్వాత మోల్డ్. మోల్డ్ రాసిన రుయి ఉయేయామా అంతకుముందు ఎల్‌ఎల్‌డీ మీద పనిచేసినవాడే. ఇవేవీ అసెంబ్లీ కాదు, సీ ప్లస్ ప్లస్. మోల్డ్ వేగమంతా పనిని కోర్లన్నిటికీ పంచడంలో, డేటాను వరుసగా పేర్చుకోవడంలో ఉంది. అందులో నాకు బాగా నచ్చిన చిన్న ట్రిక్ ఒకటి. పెద్ద ఫైళ్లను మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ప్రాసెస్ చావడానికి కూడా టైం పడుతుంది, ఆ పేజీలన్నీ కెర్నెల్ సర్దాలి కదా. అందుకని అసలు పని పిల్ల ప్రాసెస్ చేస్తుంది. అవుట్‌పుట్ ఫైలు సిద్ధం కాగానే తల్లి ప్రాసెస్ "అయిపోయింది" అని చెప్పి వెళ్లిపోతుంది. సర్దుడు పని వెనకాల జరుగుతూ ఉంటుంది.

ఇలాంటి ఆలోచన ఏ భాషలోనైనా రావచ్చు. కానీ యాభై ప్రయోగాలు చేస్తే వాటిలో ఒకటి నిలుస్తుంది. అసెంబ్లీలో యాభై ప్రయోగాలు చేసే ఓపిక ఎవరికుంది?

బిల్డ్_బాధితుడు
ప్రొఫైల్ తీశా. సిగ్గుగా ఉంది, అయినా పెడుతున్నా.

మొత్తం సమయంలో 79 శాతం "లేబుల్_వెతుకు" అనే ఒకే ఫంక్షన్‌లో. తెరిచి చూస్తే లేబుల్స్ (కోడ్‌లోని చోట్లకు పెట్టిన పేర్లు) అన్నీ ఒక లిస్టులో ఉన్నాయి, పేరు దొరికేదాకా మొదట్నుంచీ చూసుకుంటూ వెళ్తోంది. అప్పట్లో ముప్ఫై లేబుల్స్ ఉండేవి. ఇప్పుడు ఆరు వేలు.

రెండోది, పాస్ పాస్‌కీ సోర్సు టెక్స్ట్‌ని మళ్లీ మొదట్నుంచీ ముక్కలు చేస్తున్నా. పాసులు 20.

నైట్_షిఫ్ట్_నాని
దొంగ ఇంట్లోనే దొరికాడు 😂

సీ_మాస్టారు
సిగ్గెందుకు, నేనూ రాశాను అలాంటివి. లిస్టు తీసేసి డిక్షనరీ (పైథాన్‌లో హ్యాష్ టేబుల్ అదే) పెట్టండి. ముక్కలు చేయడం ఒక్కసారే చేసి దాచుకోండి. తర్వాత మాట్లాడుకుందాం.

బిల్డ్_బాధితుడు
డిక్షనరీ పెడితే 52 కాస్తా 11 అయింది. నాలుగు లైన్ల మార్పు. ముక్కలు దాచుకుంటే 4 సెకన్లు. అసెంబ్లీ పుస్తకం తెరిచి పెట్టుకున్నా, ఇంకా మొదటి పేజీలోనే ఉన్నా.

కుర్ర_కంపైలర్
మూడు నెలల పని మధ్యాహ్నానికి అయిపోయింది. ఇక ఈ థ్రెడ్‌కి తాళం వేయొచ్చా?

రిజిస్టర్_రాజు
తాళం ఏంటి, ఇప్పుడే మొదలు. 4 సెకన్లు కూడా దారుణమే. 40 వేల లైన్లకు ఫాస్మ్ లాంటిది సెకనులో చిన్న ముక్క తీసుకుంటుంది.

ఎర్ర_దీపం
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. నా కేసులో టూల్ ఒక్కసారి నడవదు. 900 చిన్న ఫైళ్లు, ఒక్కో ఫైలుకు ఒకసారి. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ లేచి, మాడ్యూల్స్ దిగుమతి చేసుకుని, మొదటి లైను చదివేసరికే 30 మిల్లీసెకన్లు. 900 సార్లంటే 27 సెకన్లు. అసలు పని అందులో లేనే లేదు! అదే టూల్ సీలో రాస్తే ఆ 27 దాదాపు మాయమైంది. అల్గారిదమ్ వేలు పెట్టడానికి లేని చోట భాషే తేడా చూపించింది. కాబట్టి "భాష ముఖ్యం కాదు" అని ఎవరైనా అంటే ఒకటి రెండు ప్రశ్నలు అడగండి: ఎన్నిసార్లు నడుస్తుంది, ఎంతసేపు నడుస్తుంది?

(యాంటీవైరస్ ప్రతి ఆబ్జెక్ట్ ఫైలునూ తెరిచి వాసన చూస్తోందని తర్వాత తెలిసింది. అది వేరే రామాయణం.)

లింకర్_లక్ష్మి
@ఎర్ర_దీపం నిజం. సీ నుంచి అసెంబ్లీకి వెళ్లి ఉంటే అక్కడ ఇంకేం మిగిలేది?

ఎర్ర_దీపం
ఒక్కో పిలుపుకు మహా అయితే ఒక మిల్లీసెకను లోపు. ప్రాసెస్ పుట్టించే ఖర్చు కెర్నెల్‌ది, దాన్ని ఎవరూ తప్పించుకోలేరు.

కుర్ర_కంపైలర్
పాత డాస్ సార్ చెప్పిన హేల్స్‌బర్గ్ గురించే ఒకటి. ఆయనే టైప్‌స్క్రిప్ట్ భాషను తయారుచేసింది. ఆ కంపైలర్ టైప్‌స్క్రిప్ట్‌లోనే రాసి ఉండేది. 2025 మార్చిలో దాన్ని గో అనే భాషలోకి మారుస్తున్నామని ఆయనే ప్రకటించాడు. వీఎస్ కోడ్ ఎడిటర్ సోర్సు దాదాపు 15 లక్షల లైన్లు, దాన్ని తనిఖీ చేయడానికి 77.8 సెకన్లు పట్టేది 7.5కి వచ్చింది. అందులో ఇంచుమించు సగం నేటివ్ కోడ్ వల్ల, మిగతా సగం పనిని కోర్లకు పంచడం వల్ల అని చెప్పారు.

1983లో అసెంబ్లీలో కంపైలర్ రాసి పేరు తెచ్చుకున్న మనిషి, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వేగం కావాల్సి వచ్చినప్పుడు వాడని మెమరీని తానే ఏరేసే చెత్త కలెక్టర్ ఉన్న భాషను ఎంచుకున్నాడు. రాజు అన్నకు ఇది అంకితం.

రిజిస్టర్_రాజు
ఆయనకు వయసైపోయింది 😑

పాత_డాస్_ప్రాణి
వయసు మాట ఎత్తకు.

నైట్_షిఫ్ట్_నాని
గో బదులు రస్ట్ భాష ఎందుకు కాదు అని ఎవరూ అడక్కుండానే ఇంతదూరం వచ్చాం. దిష్టి తగలకుండా నేనే అడుగుతున్నా.

కుర్ర_కంపైలర్
పాత కోడ్ ఆకారం చెడకుండా, ఫంక్షన్‌కి ఫంక్షన్ మార్చాలన్నది వాళ్ల షరతు. అందులో ఒకదాన్నొకటి చుట్టుకున్న పాయింటర్లు బోలెడు. రస్ట్ అయితే డిజైనే మళ్లీ చేయాలి. ఇక చాలు, ఆ గొడవకు వేరే థ్రెడ్లు కోటి ఉన్నాయి.

లింకర్_లక్ష్మి
దీనికి తలకిందుల కథ కూడా ఉంది. గో కంపైలర్ మొదట్లో సీలో ఉండేది. 2015లో గో 1.5 వచ్చేసరికి దాన్ని గోలోకి మార్చారు. బిల్డులు దాదాపు రెండింతలు నెమ్మదిస్తాయని ఆ విడుదల నోట్స్‌లో వాళ్లే రాసుకున్నారు. తెలిసే చేశారు! కోడ్ చేతికి లొంగేలా ఉంటే తర్వాత బాగుచేసుకోవచ్చని. తర్వాతి వెర్షన్లలో చాలా వరకు రాబట్టుకున్నారు కూడా.

పాత_డాస్_ప్రాణి
లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ గుర్తొచ్చింది. డెవలప్‌మెంట్ టూల్ కాదు గానీ పాఠం అదే. 1983లో అచ్చంగా అసెంబ్లీలో రాసి, స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాస్తూ, పోటీవాళ్లను మట్టికరిపించింది. తర్వాత మూడో వెర్షన్‌ని సీలో తిరగరాయబోయి ఏళ్లు ఆలస్యమై 1989లో తేలారు.

రిజిస్టర్_రాజు
అంటే సీలోకి మార్చడమే తప్పన్నమాట! సాక్ష్యం మా పక్షానికే వచ్చింది. పైగా ఆ మూడో వెర్షన్ చిన్న మెషీన్లలో పట్టక, అసెంబ్లీదాన్నే 2.2 అని పక్కన అమ్మారు.

పాత_డాస్_ప్రాణి
అదీ నిజమే. నేను చెప్పబోయింది ఇది: అసెంబ్లీలో ఉన్నది కదలదు. దాన్ని కదపాలంటే మొత్తం పెకలించాలి. నువ్వు దాన్ని బలం అంటున్నావు, నేను బోను అంటున్నా.

రిజిస్టర్_రాజు
సరే, ఒకటి మాత్రం అందరూ విని తీరాలి. "సీ చాలు" అనే మాస్టారి సీ ప్రోగ్రాం ఒక అక్షరం కోసం వెతికితే గ్లిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) ఉన్న మెమ్‌సీహెచ్‌ఆర్‌ని పిలుస్తుంది. ఎక్స్86 మీద అది చేత్తో రాసిన అసెంబ్లీ. లువా భాషను నడిపే లువాజిట్ ఇంటర్‌ప్రెటర్‌ని మైక్ పాల్ అసెంబ్లీలోనే రాశాడు. అంత పెద్ద స్విచ్ ఉన్న ఒకే ఫంక్షన్‌లో రిజిస్టర్లను పంచడం కంపైలర్లకు చేతకాదు కాబట్టి. మీ ఇంటి గోడలు ఏ రంగైనా వేసుకోండి, పునాదిలో మా రాళ్లే ఉన్నాయి.

సీ_మాస్టారు
ఇందులో గొడవే లేదు. పునాది రాళ్లు ఒక్కొక్కటీ వంద లైన్లు, రెండొందల లైన్లు. పదేళ్లకోసారి కూడా మారవు. మారితే ప్రాసెసర్‌కో రకం రాస్తారు. మన బాధితుడి టూల్‌లో రూల్స్ నెలనెలా మారతాయి, చిప్ కొత్త ఇన్‌స్ట్రక్షన్ నేర్చుకున్నప్పుడల్లా. రేపు వాళ్ల టీమ్‌లో సగంమంది ఆర్మ్ ల్యాప్‌టాప్‌లకు మారితే ఎక్స్86లో రాసింది ఎమ్యులేషన్‌లో నడవాలి.

క్యాష్_మిస్
ఫైళ్లలో మాటలు వెతికే గ్నూ గ్రెప్ సీలోనే ఉంది. అదెందుకు వేగమో దాన్ని మొదట రాసిన మైక్ హార్టెల్ 2010లో వివరించాడు. కిటుకల్లా ప్రతి బైటూ చూడకపోవడమే. వెతికే మాట చివరి అక్షరం దగ్గర సరిపోకపోతే చాలా బైట్లు ఒక్క గెంతులో దాటేస్తుంది. చేయని పని కంటే వేగమైన పని లేదు.

సీ_మాస్టారు
@బిల్డ్_బాధితుడు ఇందాకట్నుంచీ ఒకటి గుచ్చుకుంటోంది. 20 పాసులన్నారు. ప్రతిసారీ సరిగ్గా ఇరవయ్యేనా?

బిల్డ్_బాధితుడు
అవును, ఎప్పుడు చూసినా 20.

సీ_మాస్టారు
అదే అనుమానం. జంప్‌ల (వేరే చోటికి దూకే ఇన్‌స్ట్రక్షన్ల) సైజులు కుదిరేదాకా తిరిగే లూప్ ఒక రోజు 4, ఇంకో రోజు 6 తిరగాలి. ఎప్పుడూ 20 అంటే అది కుదరడం లేదు. ఎక్కడైనా హద్దు పెట్టారా?

బిల్డ్_బాధితుడు
...ఉంది. "వైల్" పెడితే ఒకసారి ఆగకుండా తిరిగింది. అందుకని 20 సార్లు తిరిగే "ఫర్" పెట్టి వదిలేశా. మూడేళ్ల కిందట.

రిజిస్టర్_రాజు
అమ్మో.

సీ_మాస్టారు
మీ చిప్‌లో దగ్గరి జంప్ ఒక వర్డ్, దూరపుది రెండు వర్డ్‌లు అనుకుంటున్నా. ప్రతి పాస్‌లోనూ దూరం మళ్లీ కొలిచి, అవసరమైతే పెంచుతున్నారు, సరిపోతే తగ్గిస్తున్నారు కూడా. అవునా? జంప్‌కీ దాని గమ్యానికీ మధ్య అలైన్ (తర్వాతి కోడ్ నిర్ణీత అడ్రసులో మొదలయ్యేలా ఖాళీ నింపమనే ఆదేశం) ఉంటే ఏమవుతుందో చూడండి. జంప్‌ని చిన్నది చేస్తే అలైన్ దగ్గర పూరకం ఒక వర్డ్ పెరుగుతుంది, గమ్యం అడ్రసు కదలదు. కానీ దూరం కొలిచేది జంప్ చివర్నుంచి. జంప్ చిన్నదైంది కాబట్టి దూరం ఒకటి పెరిగింది. హద్దు దాటింది, పెద్దది కావాలి. పెద్దది చేస్తే దూరం ఒకటి తగ్గింది, చిన్నది సరిపోతుంది. మళ్లీ చిన్నది చేస్తే హద్దు దాటింది. ఈ ఉయ్యాల ఆగదు.

మందు ఇదే: అన్నిటినీ చిన్నవిగా మొదలుపెట్టండి. పెంచడమే తప్ప తగ్గించడం ఉండకూడదు. జంప్‌లు లెక్కకు ఇన్నే ఉంటాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరుతుంది. ఒక వర్డ్ వృథా అయితే అవనివ్వండి.

రిజిస్టర్_రాజు
ఫాస్మ్ కూడా కుదిరేదాకా పాసులు వేస్తుంది. మామూలుగా 100 హద్దు. అప్పటికీ కుదరకపోతే కోడ్ తయారుచేయలేనని ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. నీలాగా దొరికింది రాసేసి ఊరుకోదు.

క్యాష్_మిస్
ఆగండి, భయపడాల్సింది వేగం గురించి కాదు. ఇరవయ్యో పాస్‌లో వాడిన అడ్రసులు పంతొమ్మిదో పాస్‌వి. ఉయ్యాల ఊగుతూ ఉంటే ఆ జంప్‌కీ అలైన్‌కీ మధ్య ఉన్న లేబుల్స్ అన్నీ ఒక వర్డ్ తప్పు. అలైన్ దాటాక అంతా మామూలే కాబట్టి ప్రోగ్రాం చాలావరకు నడుస్తుంది. ఆ మధ్యలోకి ఎవరైనా దూకితేనే...

బిల్డ్_బాధితుడు
రాత్రంతా కూర్చున్నా. పెంచడమే తప్ప తగ్గించకుండా చేశా. ఇప్పుడు 4 పాసుల్లో ఆగుతోంది, పైథాన్‌లోనే 1.1 సెకన్లు. తర్వాత పాత అవుట్‌పుట్‌నీ కొత్తదాన్నీ బైట్ బైట్ పోల్చా. తేడా మూడు చోట్ల. క్యాష్_మిస్ గారు చెప్పినట్టే, ఒక జంప్ తర్వాత అలైన్ ముందు ఉన్న ముక్కలో. సీరియల్ పోర్టు ఎర్రర్ వస్తే దూకే కోడ్ అది. ఒక వర్డ్ అవతలకు దూకుతోంది.

ఆ బోర్డు అప్పుడప్పుడు బిగుసుకుపోతోందని ఎనిమిది నెలలుగా హార్డ్‌వేర్ వాళ్లను తిడుతున్నాం. వాళ్లు పవర్ సప్లై రెండుసార్లు మార్చారు.

నైట్_షిఫ్ట్_నాని
🙏🙏🙏

లింకర్_లక్ష్మి
అసెంబ్లీలో తిరగరాసి ఉంటే ఆ "20 సార్లు" కూడా జాగ్రత్తగా తిరగరాసేవాడివి కదూ?

బిల్డ్_బాధితుడు
కచ్చితంగా. అవుట్‌పుట్ పాతదానితో బైట్ బైట్ సరిపోవాలని పరీక్ష కూడా పెట్టేవాణ్ని.

రిజిస్టర్_రాజు
సరేలే, 1.1 సెకన్ల నుంచి ఎప్పుడైనా దిగాలనిపిస్తే పిలువు. ఇంతకీ హార్డ్‌వేర్ వాళ్లకు చెప్పావా?

బిల్డ్_బాధితుడు
రేపు పదింటికి మీటింగ్ పెట్టా. సబ్జెక్టులో "అసెంబ్లర్ వేగం పెరిగింది" అని రాశా.